తంబురా మాడ్యూల్ డైరీ: ఒకే క్లాకు, నాలుగు తీగలు

జనవరి

ఈ మాడ్యూల్ చేయాల్సిన పని ఒకటే. యూరోర్యాక్, అంటే సింథసైజర్ భాగాలను (మాడ్యూళ్ళను) బిగించి వైర్లతో కలుపుకునే పెట్టెలో కూర్చుని తంబురా మోగించాలి. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం. అంటే ప, స, స, కింది స. పాడేవాళ్ళు దాని పక్కన కూర్చుని గొంతు కలపగలగాలి. అది కుదరనంత వరకు ఎన్ని నాబ్‌లు, ఎన్ని లైట్లు పెట్టినా పని పూర్తయినట్టు కాదు.

ఎలక్ట్రానిక్ తంబురాలు దొరుకుతాయి కదా అని ఇంట్లో అడిగారు. దొరుకుతాయి, బాగుంటాయి కూడా. బెంగళూరు రాడెల్ వాళ్ళ పెట్టెను తిరుపతిలో సంగీతం నేర్చుకునేవాళ్ళ ఇళ్ళల్లో నేను చాలాసార్లు చూశాను. ఇప్పుడు ఫోన్‌లో యాప్‌లు కూడా ఉన్నాయి. నాకు కావాల్సింది మాత్రం వేరు. శ్రుతి, మీటే వేగం, తీగలోని జీవ (నాదంలో కదలిక), వీటిని పక్క మాడ్యూల్ నుంచి వచ్చే వోల్టేజీతో కదిలించగలగాలి. మూసిన పెట్టెలో అది కుదరదు.

యూరోర్యాక్ కొలతలు జర్మనీలో డీటర్ డోప్ఫర్ 1990లలో తెచ్చిన ఏ-100 సిస్టమ్ నుంచి వచ్చాయి. ప్యానెల్ ఎత్తు 128.5 మి.మీ. వెడల్పును హెచ్‌పీల్లో లెక్కపెడతారు, ఒక హెచ్‌పీ 5.08 మి.మీ. కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు. వైర్లకు 3.5 మి.మీ. మోనో జాక్‌లు. స్వరం లెక్క అంతకంటే పాతది. 1964లో బాబ్ మూగ్ తన సింథసైజర్‌తో మొదలుపెట్టిన పద్ధతి అది: ఒక వోల్టు పెంచితే స్వరం ఒక స్థాయి పైకి వెళ్తుంది. మన దేశానికి మూగ్ సింథసైజర్ 1969లోనే వచ్చింది, అహ్మదాబాద్ ఎన్‌ఐడీకి (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్). అన్నేళ్ళ క్రితమే ఇక్కడికి చేరిన యంత్రంతో తంబురా మోగించాలనుకోవడం నాకు చాలా సహజంగా అనిపిస్తుంది.

మొదట తేల్చుకోవాల్సింది స్వరాలు ఎలా పుట్టించాలన్నది. తీగకొక ఆసిలేటర్, అంటే స్వరం పుట్టించే సర్క్యూట్, పెట్టి నాలుగింటినీ విడివిడిగా శ్రుతి చేయడం ఒక దారి. దాని లెక్క వేసి చూశాను. ఒక స్థాయిని 12 సమాన భాగాలు చేస్తే పంచమం 0.5833 వోల్టుల దగ్గర వస్తుంది. అసలైన పంచమం, అంటే 3/2 నిష్పత్తి, 0.5850 వోల్టుల దగ్గర ఉంటుంది. తేడా 1.6 మిల్లీవోల్టులు, సుమారు 2 సెంట్లు (సెంటు అంటే స్వరస్థానంలో నూరో వంతు). చిన్నదే అనిపిస్తుంది. కానీ ప్రతి స్వరంలోనూ దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల వేగంతో మోగే పై స్వరాలు, అంటే హార్మోనిక్‌లు, కలిసి ఉంటాయి. తంబురాలో మంద్రం మూడో హార్మోనిక్, పంచమం రెండో హార్మోనిక్ ఒకే చోట కలవాలి. 2 సెంట్లు తప్పితే ఆ చోట శబ్దం మూడు సెకన్లకోసారి పెరిగి తగ్గుతుంది. గంటసేపు ఆగకుండా మోగే శ్రుతిలో చెవి దాన్ని పట్టేస్తుంది.

పైగా మాది తిరుపతి. అనలాగ్ ఆసిలేటర్‌లో వోల్టేజీని స్వరంగా మార్చేది ట్రాన్సిస్టర్. దాని ప్రవర్తన పరమ ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, గది వేడి దగ్గర డిగ్రీకి మూడో వంతు శాతం చొప్పున. 27 డిగ్రీల్లో సరిచేసిన ఆసిలేటర్‌ను 40 డిగ్రీల గదిలో పెడితే, సర్దుబాటు ఏమీ లేకపోతే, ఒక స్థాయి పైన ఉన్న స్వరం దాదాపు 50 సెంట్లు జారిపోతుంది. అంటే అర స్వరస్థానం. అలాంటివి నాలుగు పెట్టి, నాలుగూ 1.6 మిల్లీవోల్టుల లోపల నిలబడాలని కోరుకోవడం మే నెలలో జరిగే పని కాదు.

రెండో దారి భాగహారం. మంద్ర షడ్జమాన్ని 1 అనుకుంటే శుద్ధ మధ్యమం 4/3, పంచమం 3/2, పై షడ్జమం 2. మంద్రానికి 12 రెట్లు వేగంగా పల్స్‌లు కొట్టే ఆసిలేటర్, అంటే క్లాకు, ఒకటి ఉంటే చాలు. దాన్ని 12తో భాగిస్తే మంద్రం, 9తో భాగిస్తే మధ్యమం, 8తో భాగిస్తే పంచమం, 6తో భాగిస్తే సారణి. అన్నీ పూర్ణ సంఖ్యలు. ఎండకు క్లాకు జారినా నాలుగూ కలిసే జారతాయి, వాటి మధ్య దూరం మారదు. ఈ దారే ఖాయం చేసుకున్నాను.

ఫిబ్రవరి

క్లాకుకు ఏఎస్3340 అనే ఆసిలేటర్ చిప్ తీసుకున్నాను. ఇది కర్టిస్ వాళ్ళ సీఈఎం3340కి లాట్వియాలోని ఆల్ఫా సంస్థ చేస్తున్న రూపం. వేడికి సర్దుబాటు చిప్ లోపలే ఉంది. మైనస్ 12 వోల్టులను దీనికి నేరుగా ఇవ్వకూడదు, లోపల జీనర్ (వోల్టేజీని ఒకచోట ఆపే డయోడ్) ఉంటుంది కాబట్టి సీరీస్ రెసిస్టర్ తప్పనిసరి. టైమింగ్ కెపాసిటర్ సీ0జీ రకమో, పాలిస్టైరీన్ రకమో అయి ఉండాలి. మామూలు సిరామిక్ డిస్క్ పెడితే చిప్ చేసే సర్దుబాటంతా కెపాసిటర్ దగ్గర వృథా అవుతుంది.

రెసిస్టర్లు, ట్రాన్సిస్టర్లు, ఎల్‌ఈడీలు, ఎల్‌డీఆర్‌లు (వెలుగును బట్టి మారే రెసిస్టర్లు) ఊళ్ళోనే రిపేరు సామాన్ల షాపుల్లో దొరికాయి. సీడీ4017 కౌంటర్ చిప్‌లు, మల్టీటర్న్ ట్రిమ్‌పాట్‌లు, 12 స్థానాల రోటరీ స్విచ్ కోసం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయొచ్చాను. ఏఎస్3340 ఆన్‌లైన్‌లో తెప్పించాను.

డివైడర్లకు, అంటే క్లాకును భాగించడానికి, సీడీ4017 చాలా హాయిగా ఉంటుంది. క్లాకు కొట్టిన ప్రతిసారీ 0 నుంచి 9 దాకా నంబర్లున్న పది కాళ్ళలో ఒక్కో కాలు వంతులవారీగా వెలుగుతుంది. ఆరో నంబరు కాలును రిసెట్‌కు కలిపితే 6తో భాగిస్తుంది, ఎనిమిదో నంబరు కలిపితే 8తో, తొమ్మిదో నంబరు కలిపితే 9తో. 12 కోసం ఇంకో కౌంటర్ అక్కర్లేదు. సారణి పల్స్‌ను సీడీ4013 ఫ్లిప్‌ఫ్లాప్‌తో సగం చేస్తే వస్తుంది. శబ్దం తీసుకునే కాలు రిసెట్‌కు కలిపినది కాకుండా చూసుకోవాలి, రిసెట్ జరిగే క్షణంలో అక్కడ సన్నటి ముల్లు లాంటి పల్స్ వస్తుంది. ఒకటో రెండో నంబరు శుభ్రంగా ఉంటాయి.

శ్రుతి మార్చడానికి రోటరీ స్విచ్. ఒక్కో స్థానానికి వోల్టులో పన్నెండో వంతు, అంటే 83.3 మిల్లీవోల్టులు. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ల వరస, దానికి ఆధారంగా స్థిరమైన వోల్టేజీ ఇచ్చే టీఎల్431 చిప్. స్వరాల మధ్య శుద్ధమైన నిష్పత్తులు కావాలని పట్టుబట్టి, శ్రుతి ఎంపికకు మాత్రం సమాన భాగాలు వాడటం తప్పేమీ కాదు. ఒకటి, ఒకటిన్నర, రెండు అని మనం చెప్పే శ్రుతులు హార్మోనియం మెట్లను బట్టి వచ్చినవే. పక్కన కీబోర్డు ఉంటే దానితో కలవాలి కూడా.

ఐదున్నర శ్రుతిలో పెట్టి కొలిచాను. క్లాకు 1246 హెర్ట్జ్, సారణి 207.7, పంచమం 155.8, మంద్రం 103.8. కౌంటర్లు చెప్పిన పని చెప్పినట్టే చేస్తున్నాయి.

మార్చి

ఈ నెలంతా నాదం మీదే గడిచింది. అసలు ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే.

మామూలుగా డివైడర్ తర్వాత ఫ్లిప్‌ఫ్లాప్ పెట్టి సగం పైన, సగం కింద ఉండే చతురస్ర తరంగం తీసుకుంటారు. దానిలో బేసి హార్మోనిక్‌లే ఉంటాయి. వింటే బోలుగా ఉంటుంది, క్లారినెట్ వైపు పోతుంది. తంబురాకు అన్ని హార్మోనిక్‌లూ కావాలి. సీడీ4017 కాలు ఆరు క్లాకుల్లో ఒక్క క్లాకు సేపే పైకి లేస్తుంది కాబట్టి అది సన్నటి పల్స్. సన్నటి పల్స్‌లో సరి, బేసి రెండూ ఉంటాయి. ఆరో వంతు పల్స్‌లో 6, 12, 18వ హార్మోనిక్‌లు మాత్రం ఉండవు. ఎనిమిదో వంతు పల్స్‌లో 8, 16 ఉండవు. మిగతావన్నీ బలంగా వస్తాయి. అందుకని ఆ పల్స్‌లనే నేరుగా శబ్దంగా తీసుకున్నాను. మంద్రానికి ఫ్లిప్‌ఫ్లాప్ ఔట్‌పుట్‌ను సారణి పల్స్‌తో సీడీ4081 ఆండ్ గేటులో కలిపాను, అప్పుడు పన్నెండో వంతు పల్స్ వస్తుంది.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలి. మంచి తంబురా దగ్గర కూర్చుంటే ఏ తీగకూ పెట్టని గాంధారం దానంతట అదే వినిపిస్తుంది. స్వయంభూ గాంధారం అంటారు. మంద్ర తీగ ఐదో హార్మోనిక్ అది, అంతర గాంధారం, 5/4 నిష్పత్తి. సమాన భాగాల గాంధారం కంటే దాదాపు 14 సెంట్లు తక్కువ. చతురస్ర తరంగంలో ఐదో హార్మోనిక్ మొదటి దానిలో ఐదో వంతే ఉంటుంది. పన్నెండో వంతు పల్స్‌లో లెక్క కడితే నాలుగింట మూడు వంతులు. గాంధారం కోసం నేను ప్రత్యేకంగా ఏ ఆసిలేటరూ పెట్టలేదు, పెట్టను కూడా. మంద్రం ఒక్కటే మోగించి ఫిల్టర్‌ను మెల్లగా తెరిచినప్పుడు గాంధారం పైకి వచ్చింది. అది విన్నాక మిగతా పని ఎంతైనా చేయొచ్చు అనిపించింది.

తీగ మీటిన స్వభావం కోసం సింథసైజర్లు చేసిన డాన్ బుక్లా దారి పట్టాను. ఆయన 200 సిరీస్‌లో 292 అనే లో పాస్ గేట్ ఉంది. ఒక ఎల్‌ఈడీ, ఒక ఎల్‌డీఆర్ చీకట్లో ఎదురెదురుగా ఉంటాయి. వెలుగు పడగానే రెసిస్టెన్స్ వెంటనే పడిపోతుంది. వెలుగు ఆరాక మెల్లగా, తోక సాగదీస్తూ పెరుగుతుంది. శబ్దం తగ్గుతూ ఉంటే పై హార్మోనిక్‌లు ముందు పోతాయి, కింది నాదం చివరి దాకా నిలుస్తుంది. మీటిన తీగ చేసేది కూడా అదే. తంబురా తీగ సెకన్ల తరబడి మోగుతుంది, ఎల్‌డీఆర్ తోక ఒక్కటే సరిపోదు. ఎల్‌ఈడీకి కెపాసిటర్, ట్రాన్సిస్టర్ పెట్టి వెలుగే నెమ్మదిగా తగ్గేలా చేశాను. నల్లటి హీట్ ష్రింక్ స్లీవులో ఎల్‌ఈడీ, ఎల్‌డీఆర్ దూర్చి రెండు చివర్లూ మూసేస్తే వ్యాక్ట్రోల్ తయారు. ఎల్‌డీఆర్‌లు ఒకే ప్యాకెట్‌లోవే అయినా ఒకదానికొకటి పొంతన ఉండదు, మల్టీమీటర్‌తో కొలిచి దగ్గరగా ఉన్నవాటిని ఏరుకోవాలి.

మీటే వరసకు ఇంకో సీడీ4017. ఆరు మెట్లు: ప, ఖాళీ, స, స, మంద్రం, ఖాళీ. ఖాళీలు లేకుండా నాలుగు మెట్లే పెట్టి చూస్తే వరస గడియారం కొట్టినట్టు పోతోంది. పంచమం తర్వాత, మంద్రం తర్వాత ఆ ఒక్క మెట్టు ఊపిరి ఇస్తే శ్రుతి నిలబడింది.

ఒక చిన్న సమస్య. క్లాకు శబ్దం సన్నటి ఈలలా ఆడియోలోకి వస్తోంది. 1246 హెర్ట్జ్ అంటే మంద్రానికి 12వ హార్మోనిక్, అంటే పంచమమే. లీకు కూడా శ్రుతిలోనే ఉందన్నమాట. ఉంచేద్దామా అని కాసేపు విన్నాను. ఉంచలేదు. తీగ స్వరం పుట్టి తగ్గుతుంది, ఈ ఈల తగ్గకుండా నిలబడుతుంది, వినేకొద్దీ అదే వినిపిస్తుంది. ప్రతి చిప్ కరెంటు కాళ్ళ దగ్గర 100 నానోఫ్యారడ్ కెపాసిటర్, డిజిటల్ గ్రౌండు, ఆడియో గ్రౌండు విడిగా తెచ్చి కనెక్టర్ దగ్గర ఒకేచోట కలపడం, ఈ రెంటితో పోయింది.

ఏప్రిల్

మా బైరాగిపట్టెడలో గాత్రం నేర్పే టీచరమ్మ ఉన్నారు. ఆమె శ్రుతి ఐదున్నర. బ్రెడ్‌బోర్డ్‌నే అట్టపెట్టెలో పెట్టుకుని వెళ్ళి వినిపించాను. ఆమె కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. షడ్జమం పట్టి, పంచమం దాకా వెళ్ళి, దిగి వచ్చారు.

"పంచమం బాగుండాది నాయనా. రెండు సాలూ మాత్రం ఒకే తీగె మళ్ళీ మీటినట్టుండాయి. రెండు తీగెలు కదా అవి."

"శ్రుతి కలిసే ఉంది కదమ్మా?"

"కలిసింది, కాదనను. సారణి, అనుసారణి కలిసి మోగేటప్పుడు లోపల ఏదో కదలాల. ఇందులో కదలడం లేదు."

ఆమె చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. రెండు షడ్జమాలూ ఒకే కౌంటర్ నుంచి వస్తున్నాయి. ఒకదాని మీద ఇంకోటి పడితే శబ్దం పెరుగుతుందంతే, రంగు మారదు. నిజమైన తంబురాలో ఎంత బాగా శ్రుతి చేసినా రెండు తీగల మధ్య వెంట్రుకవాసి తేడా ఉంటుంది. దానికి తోడు బ్రిడ్జి మీద తీగ కింద పెట్టే సన్నటి నూలు దారం, జీవ, హార్మోనిక్‌లను ఒకదాని తర్వాత ఒకటి పైకి తెస్తుంది. నిష్పత్తుల్లో కదలిక ఉండకూడదు, నాదంలో ఉండాలి. ఈ రెండింటినీ సర్క్యూట్‌లో వేరువేరు చోట్ల చూసుకోవాలని అప్పుడు స్పష్టమైంది.

అనుసారణికి రెండో ఏఎస్3340 పెట్టి కొద్దిగా తప్పించొచ్చు. అది ఎండకు వేరే దారిన జారితే నేను తప్పించుకున్న కష్టమే మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. అందుకని కౌంటర్‌ను ముట్టుకోకుండా అనుసారణి శబ్దాన్ని మాత్రం నాలుగు దశల ఆల్ పాస్ ఫిల్టర్ (శబ్దం స్థాయి మార్చకుండా ఫేజ్‌ను, అంటే తరంగం సమయాన్ని, మాత్రమే జరిపేది) గుండా పంపాను. ఒక టీఎల్074 యాంప్లిఫయర్ చిప్, నాలుగు ఎల్‌డీఆర్‌లు, మధ్యలో ఒక ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ వెలుగును చాలా నెమ్మదైన ఆసిలేటర్ కదిలిస్తుంది. ఫేజ్ జరుగుతున్నంతసేపూ ఆ తీగ స్వరం రవ్వంత అటూ ఇటూ ఊగుతుంది, సగటున మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సారణితో కలిసినప్పుడు ఒక్కో హార్మోనిక్ తగ్గి మళ్ళీ లేస్తుంది. ఆ కదలిక ఎంత ఉండాలో తిప్పే నాబ్‌కు "జీవ" అనే పేరు పెట్టాను. సగం దాటితే గిటార్ పెడల్ మోత వస్తుంది, పాడేవాళ్ళకు పావు వంతే చాలు.

టీచరమ్మ మళ్ళీ విన్నారు. "ఇప్పుడు పాడొచ్చు" అన్నారు. హిందోళం ఎత్తుకుందామని మధ్యమం అడిగారు. హిందోళానికి, శ్రీరంజనికి పంచమం వర్జ్యం కదా, అక్కడ మొదటి తీగను మధ్యమానికి శ్రుతి చేస్తారు. ప, మ మార్చే స్విచ్‌ను 8, 9 కౌంటర్ల మధ్య పెట్టాను. దీనికోసం మొదటి నుంచీ 9 కౌంటర్‌ను ఉంచింది.

మే

వేడి పరీక్షకు ఇంతకంటే మంచి నెల లేదు. డాబా మీది గదిలో మధ్యాహ్నమంతా ఆన్‌లో పెట్టాను. ఉదయం శ్రుతితో పోలిస్తే మొత్తం ఐదారు సెంట్లు జరిగింది. పంచమం, మంద్రం మధ్య దూరం మాత్రం కదల్లేదు. పాడేవాళ్ళకు అది తెలియను కూడా తెలియదు, గొంతు తంబురాను పట్టుకుని ఉంటుంది కాబట్టి.

ఇబ్బంది వేరేచోట వచ్చింది. సాయంత్రం ఏడు దాటాక మంద్రం గుడగుడమని ఊగడం మొదలైంది, సెకనుకు దాదాపు నాలుగు సార్లు. ఉదయం ఉండదు. స్కోప్ పెడితే ప్లస్ 12 లైను మీద 100 హెర్ట్జ్ రిపుల్ (కరెంటు లైనులోని అల) కనిపించింది. మంద్రం 103.8, రిపుల్ 100. తేడా 3.8, వినిపించే ఊపు సరిగ్గా అదే. వేరే మాడ్యూళ్ళలో ఈ హమ్ ఎవరికీ పట్టదు. ఆగకుండా మోగే స్వరం దాని పక్కనే ఉంటే దాక్కోలేదు.

కారణం ట్రాన్స్‌ఫార్మర్. ర్యాక్‌లో ఉన్నది 12-0-12. మెయిన్స్ 230 ఉన్నప్పుడు డయోడ్ తర్వాత 16 వోల్టులకు పైగా వస్తుంది, 12 వోల్టులు నిలబెట్టే 7812 రెగ్యులేటర్‌కు సరిపోతుంది. ఏసీలన్నీ ఆన్ అయ్యే వేళకు మా వీధిలో 190 దాకా పడిపోతుంది. అప్పుడు డయోడ్ తర్వాత దక్కేది 13.3 మాత్రమే. 7812కి పని చేయడానికి 14 దాకా కావాలి. అది చేతులెత్తేయగానే రిపుల్ నేరుగా ఔట్‌పుట్‌కు వస్తుంది. 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను, 190లో కూడా 16.8 ఉంటుంది. కెపాసిటర్లు 2200 నుంచి 4700 మైక్రోఫ్యారడ్‌లకు మార్చాను. 230 ఉన్నప్పుడు రెగ్యులేటర్లు ఎక్కువ వేడెక్కుతాయి కాబట్టి హీట్ సింకులు పెద్దవి వేశాను. ఊపు పోయింది. మీ ఊళ్ళో సాయంత్రం వోల్టేజీ పడిపోతుంటే ఏ సర్క్యూట్‌నూ అనుమానించే ముందు రెగ్యులేటర్ ముందు ఎంత వస్తోందో కొలవండి.

జూన్

బ్రెడ్‌బోర్డ్ నుంచి పీసీబీకి (అచ్చు వేసిన సర్క్యూట్ బోర్డుకు) మారాను. 16 హెచ్‌పీ, అంటే సుమారు 81 మి.మీ. వెడల్పు. రెండు బోర్డులు: వెనక క్లాకు, కౌంటర్లు, ముందు వ్యాక్ట్రోల్‌లు, జాక్‌లు. రిబ్బన్ కేబుల్ తలకిందులుగా పెట్టినా చిప్‌లు కాలకుండా రెండు లైన్లకూ 1ఎన్5817 డయోడ్‌లు.

ప్యానెల్ మీద రాతలన్నీ తెలుగులో: శ్రుతి, మీటు, జీవ, ప, మ, స, మంద్రం. ఇంక్‌స్కేప్‌లో మండలి ఫాంట్‌తో రాసి, అక్షరాలను పాత్‌గా మార్చి, బొమ్మలా కీక్యాడ్‌లోకి తెచ్చాను. అలా చేస్తే "శ్రుతి"లో క్రావడి చెదరదు. రెండు మిల్లీమీటర్ల కంటే చిన్న అక్షరం వేస్తే గుడి, దీర్ఘం మధ్య సందు ముద్రణలో పూడిపోతుంది, కాబట్టి మూడు మిల్లీమీటర్లు పెట్టాను.

టీచరమ్మ దగ్గర ఒక అబ్బాయి ఒకటిన్నరలో పాడతాడు. అతని మంద్రం 69.3 హెర్ట్జ్. వాళ్ళింట్లో ఉన్న చిన్న స్పీకర్‌కు ఆ అడుగు అందదు, అయినా మంద్రం ఎక్కడా పోయినట్టు అనిపించలేదు. పల్స్‌లో పై హార్మోనిక్‌లు దండిగా ఉన్నాయి కాబట్టి వాటిని బట్టి చెవే కింది స్వరాన్ని పూరించుకుంటుంది. అతను మాయామాళవగౌళలో వరసలు పాడుతుంటే అంతర గాంధారం దగ్గర టీచరమ్మ ఆపి, "ముందు విను, తంబురాలో ఉండాది, దాని మీద కూర్చో" అన్నారు. అతను కొంచెం దింపి నిలిపాడు, కలిసింది.

తర్వాతి బోర్డులో రెండు మార్పులు. ప, మ మధ్య స్విచ్‌కు తోడు సీడీ4053 అనే ఎలక్ట్రానిక్ స్విచ్ చిప్ పెడితే పక్క మాడ్యూల్ ఇచ్చే గేట్ (ఆన్, ఆఫ్) సిగ్నల్‌తోనే తీగ మారుతుంది. ఒక్కో తీగకూ విడి ఔట్‌పుట్ జాక్ కూడా ఇస్తున్నాను, మంద్రాన్ని మాత్రమే వేరే ఫిల్టర్‌కు పంపాలనుకునేవాళ్ళ కోసం. రెండింటికీ స్కీమాటిక్ అయిపోయింది, లేఅవుట్‌లో ఆడియో గ్రౌండు దారి ఒక్కటే సరిచూడాలి. అది కాగానే బోర్డులు ఆర్డర్ పెడతాను.